కొత్త ఇంట్లో వెలగని దీపం

ఇల్లు మారిన మొదటి రాత్రి దీపం వెలగకపోతే ఇంట్లోవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. మా మేనకోడలి కంప్యూటరు విషయంలో సరిగ్గా అదే జరిగింది. పాత పెట్టెలోంచి కొత్త పెట్టెలోకి కాపురం మార్చింది. మీట నొక్కగానే ఫాన్లు తిరిగాయి. ముందువైపు రంగురంగుల దీపాలు పెళ్లిపందిరిలా వెలిగాయి. వెలగవలసిన తెర మాత్రం అమావాస్య ఆకాశంలా నల్లగా ఉండిపోయింది.

ఇది విజయవాడ సత్యనారాయణపురంలో మా అక్కయ్యగారింట్లో ఒక శనివారం సాయంత్రం జరిగిన సంగతి. ఆ పిల్లది ఇళ్ల నమూనాలు కంప్యూటరు మీద తయారుచేసే పని. గోడలు, కిటికీలు, కిటికీలోంచి గచ్చు మీద పడే ఎండతో సహా కట్టబోయే ఇల్లు కట్టేసినట్టే చూపిస్తుంది. సోమవారం పొద్దున్నకల్లా ఒక అపార్టుమెంటు బొమ్మలు ఇస్తానని బయానా కూడా పుచ్చుకుంది. పాత గ్రాఫిక్స్ కార్డు ఒక్కో బొమ్మకు గంటలకు గంటలు తింటోందని, దాచుకున్నది కొంత, వాయిదాల మీద కొంత వేసి 52 వేల రూపాయలకు కొత్తది కొన్నది. తీరా చూస్తే ఆ కార్డు మూరెడు పొడవు, మూడు వేళ్ల మందం. పాత క్యాబినెట్టులో పట్టదు. అందుచేత కొత్త క్యాబినెట్టు. అందుచేత కాపురం మార్పు.

రాత్రి తొమ్మిదింటికి నాకు కబురొచ్చింది. నేను కంప్యూటరు ఇంజనీరును కాను సుమండీ. కుర్రతనంలో గవర్నరుపేటలో ఒక రేడియో మరమ్మతు కొట్లో మూడేళ్లు పనిచేశాను. ఆ తరువాత బ్యాంకు ఉద్యోగంలో పడి తల నెరిసింది. అయినా మావాళ్లల్లో ఏ వస్తువు మూలపడినా నన్ను పిలవడం ఆనవాయితీ. బాగుచేస్తానని కాదు, తిట్టకుండా వింటానని కాబోలు.

నేను వెళ్లేసరికి హాల్లో చాప, చాప మీద పెట్టె, పక్కన ఉగ్గుగిన్నెలో స్క్రూలు. మా మేనకోడలు మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. మా బావగారు అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు.

"కొట్టువాడు వెయ్యి రూపాయలిస్తే బిగించి పెడతానన్నాడోయ్. ఈవిడగారు ససేమిరా అంది. నేనే బిగించుకుంటానంది. ఇప్పుడు 52 వేలూ బూడిద! ఆడపిల్లకు పెట్టెలోపలి సంగతులెందుకని మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

"రోజూ నేను అన్నం తినేది దీని మీద. దీని లోపల ఏముందో నాకు తెలియకపోతే ఎలా మామయ్యా?" అన్నదా పిల్ల తల ఎత్తకుండానే.

నాకు ఆ మాట నచ్చింది. కాని అప్పుడు మెచ్చుకుంటే మా బావగారు నన్ను కూడా ఆ పెట్టెలో పెట్టి మూతవేసేవారు.

కార్డు చేసే పని

ఈ గ్రాఫిక్స్ కార్డు గొడవేమిటో తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. హెచ్చవేస్తే 20 లక్షల 73 వేల 600. సెకనుకు 60 సార్లు బొమ్మ మారాలంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు ఏ రంగు వెయ్యాలో ఎవరో ఒకరు లెక్కకట్టాలి. కంప్యూటరులోని ప్రాసెసరు మహా పండితుడే గాని, ఇంత కూలిపని అతడొక్కడి వల్లా కాదు. గ్రాఫిక్స్ కార్డు అంటే చిన్న చిన్న లెక్కలు చేసే వేలాది గుమాస్తాలు ఒకేసారి కలం పట్టిన కచేరీ అనుకోండి. ఇలాంటి చిప్పుకు జీపీయూ అన్న పేరు వాడుకలోకి తెచ్చినది ఎన్విడియా వారు, 1999లో జీఫోర్స్ 256 కార్డుతో.

అంతమంది గుమాస్తాలకు తిండి కావాలి గదా. మదర్‌బోర్డు మీది పొడుగాటి గాడి 75 వాట్ల వరకు కరెంటు ఇవ్వగలదు. అది చాలని కార్డులకు ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే తీగలు వస్తాయి. ఆరు పుల్లల తీగ మరో 75 వాట్లు, ఎనిమిది పుల్లల తీగ 150 వాట్లు ఇస్తుంది. మా వాళ్ల కార్డుకు ఎనిమిది పుల్లల తీగలు రెండు కావాలి.

ఇక పెట్టె సంగతి. ఏ కంపెనీ మదర్‌బోర్డయినా ఏ కంపెనీ క్యాబినెట్టులోనైనా ఇమడడానికి కారణం 1995లో ఇంటెల్ వారు ఏర్పరచిన ఏటీఎక్స్ కొలతలు. స్క్రూ చిల్లులు ఎక్కడుండాలి, కార్డుల గాళ్లు ఎంతెంత దూరాన ఉండాలి, అన్నీ అందులో ఉన్నాయి. అయితే స్క్రూ పట్టడానికి వీలుగా బోర్డు చిల్లులు కాస్త వదులుగానే ఉంటాయి. ఈ వదులు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. మా కొంప ముంచబోయింది అదే.

పాత అనుమానాలు

మొదట అందరూ చేసే పొరపాట్లే చూశాను. కంప్యూటరు వెనకవైపు తెర తీగ పెట్టే చోట్లు రెండుంటాయి. ఒకటి మదర్‌బోర్డుది, ఒకటి కార్డుది. కొత్త కార్డు పెట్టి పాత అలవాటు కొద్దీ తీగను బోర్డుకు తగిలించి, తెర రాలేదని ఏడ్చేవాళ్లు లోకంలో కొల్లలు. ఈ పిల్ల ఆ తప్పు చెయ్యలేదు. పైగా తన ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉందని, ఇంటెల్ వారి అటువంటి ప్రాసెసరులో బొమ్మ చూపించే భాగం ఉండదని, కాబట్టి బోర్డు వైపు తగిలించినా ప్రయోజనం లేదని నాకే పాఠం చెప్పింది.

తరువాత కరెంటు తీగలు. ఇక్కడ ఒక ప్రమాదముంది. ప్రాసెసరుకు పోయే ఎనిమిది పుల్లల తీగా, కార్డుకు పోయే ఎనిమిది పుల్లల తీగా అక్కచెల్లెళ్లలా ఉంటాయి. కాని ఒకదానిలో 12 వోల్టుల తీగలున్న వరసలో రెండోదానిలో భూమి తీగలుంటాయి. కొసల ఆకారం వేరు కాబట్టి బలవంతం చేస్తే తప్ప ఎక్కవు. బలవంతం చేసే మహానుభావులూ ఉన్నారు. కార్డు తీగ ఆరూ రెండుగా విడిపోతుంది, ప్రాసెసరు తీగ నాలుగూ నాలుగుగా విడిపోతుంది. అదే ఆనవాలు. ఇంతకంటె ముఖ్యం, ఎస్‌ఎంపీఎస్ వైపు కూడా ఊడివచ్చే తీగలైతే ఒక కంపెనీ తీగ మరో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు వాడకూడదు. ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. లోపల వరసలు వేరుగా ఉండి ఖరీదైన సరుకు కాలిపోవచ్చు. మావాళ్ల ఎస్‌ఎంపీఎస్ పాతదే, తీగలు దాని సొంతవే. అదీ సరిగానే ఉంది.

ఇత్తడి నట్లు కూడా చూశాను. మదర్‌బోర్డు పెట్టె రేకుకు తగలకుండా ఈ నట్లు దాన్ని కాస్త ఎత్తి పట్టుకుంటాయి. బోర్డుకు చిల్లు లేనిచోట ఒక నట్టు ఉండిపోయిందంటే అది వీపులో ముల్లులా గుచ్చుకుని షార్టు చేస్తుంది. తొమ్మిది చిల్లులు, తొమ్మిది నట్లు. లెక్క కుదిరింది.

మదర్‌బోర్డు మూలన నాలుగు చిన్న దీపాలున్నాయి. యంత్రం మేలుకునేటప్పుడు ప్రాసెసరు, ర్యాము, గ్రాఫిక్స్ కార్డు, డిస్కు ఒక్కొక్కటి పలికిందీ లేనిదీ అవి చెబుతాయి. మీట నొక్కాం. మొదటి రెండు దీపాలూ వెలిగి ఆరిపోయాయి. మూడోది, గ్రాఫిక్స్ కార్డుది, వెలిగి అలాగే నిలిచిపోయింది.

"చూశావా?" అన్నారు మా బావగారు. "కార్డే చచ్చిందని యంత్రమే చెబుతోంది."

యంత్రం అలా అనలేదు. కార్డు పలకలేదని మాత్రమే అంది. తలుపు తట్టితే జవాబు రాకపోయినంత మాత్రాన ఇంటాయన పోయాడని కాదు గదా. గడియ పడిపోయి ఉండవచ్చు.

దారి తప్పించిన సాక్షి

"నేను ఇంకొకటి కూడా చేశాను మామయ్యా" అన్నది మా మేనకోడలు నీరసంగా. "కొత్త కార్డు తీసేసి, పాత కార్డు ఇదే పెట్టెలో, ఇదే గాడిలో పెట్టి చూశాను. వెంటనే తెర వచ్చింది."

ఇదీ అసలు దెబ్బ. పెట్టె అదే, గాడి అదే, తీగలు అవే. పాతది పనిచేస్తుంది, కొత్తది చెయ్యదు. ఏ కోర్టయినా కొత్త కార్డుకే శిక్ష వేస్తుంది. మర్నాడు ఆదివారం, కొట్టు తియ్యరు. సోమవారం తీసుకువెళితే, దాన్ని కంపెనీకి పంపించి మార్చి తెప్పించడానికి వారాలు పడుతుంది. అదీ 'మీరే పెట్టి పాడుచేశారు, మాకు సంబంధం లేదు' అనకపోతే. బయానా తిరిగి ఇవ్వాలి. వాయిదాలు మాత్రం ఆగవు. అన్నిటికంటె, ఆ పిల్ల ఇక జన్మలో స్క్రూడ్రైవరు ముట్టుకోదు. అక్కయ్య మంచినీళ్ల గ్లాసు తెచ్చి కూతురి పక్కన పెట్టి ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ మాట్లాడకపోవడమే మా బావగారి మాటలకంటె బరువుగా ఉంది.

రేడియో కొట్లో మా యజమాని నాకు నేర్పిన విద్య ఒక్కటే. ఎవరైనా రేడియో తెచ్చి 'వాల్వు పోయిందండీ' అంటే ఆయన వాల్వు జోలికి వెళ్లేవాడు కాదు. 'ఏం చేస్తుండగా ఆగింది? చేసింది చేసినట్టు చెప్పు' అనేవాడు. తీరా చూస్తే పదింట ఆరుసార్లు వాల్వు నిక్షేపంగా ఉండేది, సాకెట్టులో సరిగా కూర్చునేది కాదు. నేనూ అదే అడిగాను.

"పాత కార్డు ఎలా పెట్టావమ్మడూ? చేసింది చేసినట్టు చెప్పు."

"గాడిలో పెట్టి నొక్కాను. గొళ్లెం టిక్కుమంది. పరీక్షకే కదా అని స్క్రూ బిగించలేదు."

"మరి కొత్తదాన్ని?"

"అది కిలో పైగా బరువుంది కదా, వేలాడుతుందని రెండు స్క్రూలూ బిగించాను." ఒక్క క్షణం ఆగింది. "పెట్టె చిల్లూ కార్డు రేకు చిల్లూ సరిగ్గా కుదరలేదు మామయ్యా. కాస్త పక్కకు ఉంది. స్క్రూడ్రైవరుతో నెట్టి సరిపెట్టి బిగించాను."

"గొళ్లెం?"

"టిక్కుమందనే అనుకున్నాను..."

నాకు నవ్వొచ్చింది. సాక్షి అబద్ధం చెప్పలేదు, మనమే సగం విన్నాం. పాత కార్డుకూ కొత్త కార్డుకూ మధ్య మారింది కార్డు ఒక్కటే కాదు. స్క్రూ కూడా మారింది. ఒకేసారి రెండు మార్చినప్పుడు ఏది కారణమో దేవుడు కూడా చెప్పలేడు.

బల్ల మీద పరీక్ష

"పెట్టెలోంచి అంతా బయటికి తీద్దాం" అన్నాను. బావగారు నెత్తి కొట్టుకున్నారు.

గోడ ప్లగ్గు పీకి, మీట రెండుసార్లు నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, చేతితో ఇనప రేకు ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టింది. ఒంట్లోని స్థిర విద్యుత్తు రేకులోకి పోవడానికి అదొక జాగ్రత్త. మదర్‌బోర్డును తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే భోజనాల బల్ల పైన పెట్టింది. కొందరు వెండిరంగు సంచి మీద పెడతారు. ఆ సంచి పైపొర కొంత కరెంటును పోనిస్తుంది కాబట్టి అది మంచిది కాదు, అట్టే మేలు. కొత్త కార్డును గాడిలో పెట్టి రెండు చివర్లా సమంగా నొక్కింది. ఈసారి గొళ్లెం టిక్కుమన్న చప్పుడు నాకూ వినిపించింది. కార్డు ఒరగకుండా నేను చేత్తో పట్టుకున్నాను.

పెట్టె లేదు కాబట్టి మీట లేదు. మీట తీగ వచ్చి తగిలే రెండు పుల్లలను స్క్రూడ్రైవరు కొసతో ఒక్క క్షణం కలిపితే చాలు, అది మీట నొక్కినట్టే. అక్కడ ఉండేది చిన్న వోల్టేజీ, మనిషికి ప్రమాదం లేదు. పొరపాటున పక్క పుల్లలను కలిపితే బోర్డుకు మంచిది కాదు గనక ఆ రెండూ ఎక్కడున్నాయో పుస్తకంలో చూసి మరీ తాకించింది. మా బావగారు కళ్లు మూసుకున్నారు.

మూడో దీపం వెలిగింది. ఆరింది. తెర మీద మదర్‌బోర్డు కంపెనీ గుర్తు ప్రత్యక్షమైంది.

ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్ల మాత్రం ఒకసారి మొహం చేతుల్లో దాచుకుని వెంటనే తీసేసింది.

ఇప్పుడు పెట్టెలో మళ్లీ బిగించి చూడాలి. బోర్డు ఎప్పటిలాగే బిగించాం. కార్డు పెట్టాం, స్క్రూ పెట్టలేదు. తెర వచ్చింది. ఆపి, ప్లగ్గు పీకి, చిల్లు కుదరనిచోట మొదట చేసినట్టే నెట్టి స్క్రూ బిగించాం. మీట నొక్కితే తెర నలుపు! స్క్రూ వదులు చేస్తే వచ్చింది. బిగిస్తే పోయింది. 52 వేల కార్డును ఒక్క రూపాయి స్క్రూ గొంతు నొక్కుతోందన్నమాట.

దానికి కారణం ఏమిటంటే, ఆ పొడుగాటి గాడిలో మొత్తం 164 రేకులున్నాయి. ఒక రేకుకూ పక్క రేకుకూ మధ్య దూరం ఒక్క మిల్లీమీటరు. కరెంటు అందించే రేకులూ, బోర్డుతో మొట్టమొదట మాట కలిపే రేకులూ పెట్టె వెనకగోడకు దగ్గరి కొసనే ఉంటాయి. స్క్రూ పట్టేదీ ఆ కొసనే. బోర్డు చిల్లులు కాస్త వదులని చెప్పాను గదా. పెట్టెలో బోర్డు ఆ వదులులో ఒక పక్కకు జరిగి ఉండగానే దాని తొమ్మిది స్క్రూలూ గట్టిగా బిగించేసింది. దానితో కార్డు చిల్లు పెట్టె చిల్లుకు ఎదురుగా రాలేదు. నెట్టి బిగించేసరికి కార్డు పైభాగం ఒక పక్కకు లాగబడి, కింద గాడిలో ఒరిగింది. కంటికి ఆనే ఒరుగుడు కాదు. రేకులకు మాత్రం ఆనింది.

ఇక మందు చెప్పడం కంటె చెయ్యడమే సులువు. బోర్డు తొమ్మిది స్క్రూలూ అరచుట్టు వదులు చేశాం. కార్డును గాడిలో దించి, గొళ్లెం టిక్కుమన్నాక, కార్డు స్క్రూలు చేతివేళ్లతో పట్టీ పట్టనట్టు తిప్పాం. అప్పుడు బోర్డే వెంట్రుకవాసి జరిగి తన చోటు తాను వెతుక్కుంది. చిల్లుకు చిల్లు ఎదురొచ్చింది. ఆ తరువాత మొదట కార్డు స్క్రూలు, వెనక బోర్డు స్క్రూలు మూలకు మూల మార్చి బిగించాం. తెర వచ్చింది, నిలిచింది. పెట్టెను నిలువుగా లేపి నిలబెట్టాక కూడా నిలిచింది. పడుకోబెట్టినప్పుడు పనిచేసి, నిలబెట్టగానే బరువుకు కార్డు వాలి మొండికేసే యంత్రాలుంటాయి గనక అది కూడా చూడవలసిందే. బరువైన కార్డు తోక కింద చిన్న ఊతం పెట్టడం మంచిది. మేము ఆ పూటకు ఖాళీ దారపురీలు ఒకటి నిలబెట్టాం. చూడ్డానికి బాగుండదు గాని, పని బాగానే చేసింది.

కూర్చోవడంలో తేడా

సరిగా కూర్చోకపోవడం అనేది ఇంతటితో పోయేది కాదు. 2022 అక్టోబరులో ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 4090 అనే కార్డు వచ్చింది. ఒక్క కార్డుకే 450 వాట్లు. దానికి పాత ఎనిమిది పుల్లల తీగల బదులు 600 వాట్ల వరకు మోయగల కొత్త రకం చిన్న తీగకొస పెట్టారు. వారాలు తిరక్కుండానే కొందరి కార్డుల దగ్గర ఆ కొస ప్లాస్టిక్కు కరిగిపోయింది. ఆ నవంబరులో కంపెనీ వారు ప్రపంచం మొత్తం మీద సుమారు 50 సంఘటనలు తమ దృష్టికి వచ్చాయని, తీగ కొస పూర్తిగా లోపలికి దిగకపోవడం వాటిలో తరచు కనిపించిన లోపమని ప్రకటించారు. సగం దిగిన పుల్ల మీద నిండు కరెంటు పారితే ఆ సందులో వేడి పుడుతుంది మరి. 2023లో ఆ కొసను సవరించి, పూర్తిగా దిగకపోతే కరెంటు పారకుండా ఉండేట్టు అందులోని సంకేతపు పుల్లలను పొట్టిచేశారు. అయినా 2025లో వచ్చిన 5090 కార్డుల దగ్గర కూడా కరిగిన కొసల ఫిర్యాదులు వినవచ్చాయి. కాబట్టి తప్పంతా బిగించినవాడిదే అని నేననను. రెండు వేళ్ల వెడల్పయినా లేని చోటులోంచి అంత కరెంటు తోడమనే ఏర్పాటు మీద నాకు గురి లేదు. తీగ పూర్తిగా నొక్కి, అంచు దగ్గర సందు కనిపించకుండా చూసుకుని, కొస దగ్గరే మడత పెట్టకుండా ఉండడం మాత్రం మన చేతిలో ఉన్న పని.

కొత్త క్యాబినెట్లలో ఇంకొక మాయ ఉంది. కార్డు అందం అద్దంలోంచి కనిపించాలని, దాన్ని గాడిలో కాకుండా ఒక బద్దలాంటి తీగ ద్వారా పక్కకు తిప్పి నిలబెడతారు. ఆ తీగ వెనకటి తరానిదై, కార్డు కొత్త తరానిదైతే తెర రాకపోవచ్చు. అప్పుడు కార్డును నేరుగా గాడిలో పెట్టి, మదర్‌బోర్డు అమరికలలో గాడి వేగాన్ని ఒక మెట్టు తగ్గించి, ఆ తరువాత తీగ వాడితే పలుకుతుంది. మా పెట్టెకు ఆ ముచ్చట లేదు. అదృష్టమే అనుకోవాలి.

అన్నీ సర్ది అద్దం తలుపు బిగించేసరికి రాత్రి రెండయింది. పిల్ల నిద్ర పోలేదు. అపార్టుమెంటు బొమ్మలు ఒక్కొక్కటే తయారవుతుంటే చూస్తూ కూర్చుంది. గంటలు పట్టేవి నిమిషాల్లో వస్తున్నాయి. ఆదివారం సాయంత్రానికి మొత్తం పూర్తిచేసి, సోమవారం అనుకున్న వేళకంటె ముందే పంపించేసింది.

నేను ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే మా బావగారు కూతురి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తెర మీద వంటిల్లు, కిటికీ, గట్టు మీద పడుతున్న పొద్దుటెండ.

"ఆ కిటికీ తూర్పుకేనా పెట్టారూ?" అని అడుగుతున్నారు.

"తూర్పుకే నాన్నా."

"అయితే పొయ్యి ఇటు తిప్పమని చెప్పు వాళ్లకి" అని, కాసేపాగి, "ఆ స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టావే? మన కుక్కరు పిడి నెలనుంచీ ఊగుతోంది" అన్నారు.